జంతుసృష్టి, దాని ప్రయోజనం: క్రైస్తవ చింతన

దేవుడు జంతువులను ఎందుకు సృష్టించాడు, అవి ఎవరికి పనికొస్తాయి అన్న ప్రశ్న మీద క్రైస్తవ మతంలో దాదాపు రెండు వేల ఏళ్లుగా సాగుతున్న ఆలోచన ఇది. బైబిలు వ్యాఖ్యానాలు, ఆదివారపు ప్రసంగాలు, మఠాల్లో రాసుకున్న మృగకథలు, ప్రకృతి పరిశీలకుల గ్రంథాలు, జంతుహింసను ఆపే చట్టాల చరిత్ర, అన్నీ దీని కిందికే వస్తాయి. ‘మనిషి కోసమే’ అన్న జవాబు చాలాకాలం చెల్లుబాటయింది. ఆవు, గొర్రె, గుర్రం వరకు దానితో పేచీ లేదు. ఈగ, దోమ, పాము, కడుపులో పురుగు దగ్గరికి వచ్చేసరికి అది తడబడేది. అందుకే ఈ చరిత్రలో చెప్పుకోదగ్గ మలుపులు ఎక్కువగా ఇలాంటి పనికిరాని జీవుల దగ్గరే కనిపిస్తాయి.

ఆదికాండంలో

ఆదికాండం మొదటి అధ్యాయం ప్రకారం ఐదో రోజున నీటి జీవులు, పక్షులు పుట్టాయి. ఆరో రోజున పశువులు, పాకే పురుగులు, అడవి జంతువులు, ఆఖరున మనిషి. మనిషికంటూ విడిగా ఒక రోజు కేటాయించలేదు. పశువులతో పాటే అతనిదీ ఆరో రోజే. ఫలించి వృద్ధి పొందమన్న దీవెన కూడా అతనికంటే ముందే చేపలకూ పక్షులకూ అందింది. రెండో అధ్యాయంలో వరస తిరగబడుతుంది. అక్కడ మొదట మనిషి, తర్వాత అతని ఒంటరితనం పోగొట్టడానికి జంతువులు. ఆదాము వాటన్నిటికీ పేర్లు పెట్టాడు గాని, తనకు సాటి అయిన తోడు వాటిలో దొరకలేదు. అంటే ఈ కథలో జంతువుకు మొదట అనుకున్న ఉపయోగం దుక్కి దున్నడమూ కాదు, కూర కావడమూ కాదు, తోడుగా ఉండడం.

మనిషి జంతువులను ఏలాలని చెప్పేచోట హీబ్రూ మూలంలో ‘రదా’ అన్న క్రియ ఉంది. భూమిని లోపరచుకోమనే చోట ‘కబష్’. రెండూ రాజులకూ దండయాత్రలకూ వాడే మాటలే, మెత్తనివేమీ కావు. అయితే ఆ వెంటనే వచ్చే వాక్యాల్లో మనిషికీ మృగాలకూ ఆహారంగా చెట్టూ చేమా మాత్రమే కనిపిస్తాయి. మాంసానికి అనుమతి వచ్చింది తొమ్మిదో అధ్యాయంలో, జలప్రళయం తగ్గాక. అదీ రక్తం ముట్టకూడదన్న షరతు మీద. అదే అధ్యాయంలో దేవుడు చేసిన నిబంధన నోవహు కుటుంబంతో ఆగలేదు, ఓడలోంచి దిగిన పక్షులూ పశువులూ మృగాలూ అందులో భాగస్తులే. ఇక జంతువు వల్ల మనిషికి చేకూరిన వస్తువుల్లో బైబిలు మొదట చెప్పేది పాలూ కాదు, మాంసమూ కాదు, తోలు. ఏదెను తోట విడిచిపోతున్న ఆదాముకూ అతని భార్యకూ దేవుడే తొడిగించినవాటిని తెలుగు బైబిలు ‘చర్మపు చొక్కాయిలు’ అంటుంది.

అనువాదంలో కనుమరుగైన మాట ఒకటుంది. హీబ్రూలో ‘నెఫెష్ హయ్యా’ అనే పదబంధం నీటి జీవులకూ, పశువులకూ, ఊపిరి పోసుకున్న మనిషికీ ఒక్కటే. తెలుగు బైబిలులో జంతువులు ‘జీవముగలవి’ అయ్యాయి, మనిషి మాత్రం ‘జీవాత్మ’ అయ్యాడు. ఇంగ్లీషు పాత అనువాదంలోనూ ఇదే తేడా. జంతువుకు ఆత్మ ఉందా లేదా అన్న తర్వాతి వాదాలు చాలామటుకు ఇలాంటి అనువాదాల మీద నిలబడ్డవే.

తెలుగు అనువాదకుల చేతిలో పడి కొన్ని జంతువుల రూపమే మారిపోయింది. పాలస్తీనా రాళ్ల సందుల్లో ఉండే, మన దేశంలో లేని హైరాక్స్ అనే చిన్న జీవి సామెతల గ్రంథంలో కుందేలు అయింది. ఇంగ్లీషు బైబిలు ఒంటికొమ్ము గుర్రంగా పొరబడిన అడవి ఎద్దు మన దగ్గర గురుపోతయింది. ఇది మూలానికి దగ్గర, ఆ మాటకొస్తే ఇంగ్లీషుకంటే మేలు. సముద్రంలోని లెవియాతాను మకరమైంది. గంగాదేవి వాహనంగా, మన్మథుడి జెండా మీద బొమ్మగా ఆ మాటను ఎరిగిన తెలుగు చెవికి యోబు గ్రంథం తెచ్చిపెట్టే ఊహ హీబ్రూ చెవికి రాదు.

కళ్లంలో ఎద్దు, గూట్లో పక్షి

మోషే ధర్మశాస్త్రం జంతువుల గురించి సిద్ధాంతం చెప్పదు, పని దగ్గర ఎలా మెలగాలో చెబుతుంది. విశ్రాంతి దినం ఎద్దుకూ గాడిదకూ వర్తిస్తుంది. శత్రువు గాడిద బరువు కింద కూలబడితే లేవనెత్తాలి. ఎద్దునూ గాడిదనూ ఒకే కాడికి కట్టి దున్నకూడదు. గూట్లోని పిల్లలను తీసుకున్నా తల్లిపక్షిని వదిలేయాలి. కళ్లంలో ధాన్యం తొక్కే ఎద్దు మూతికి చిక్కం బిగించకూడదు. పశువులతో నూర్పిళ్లు చేసిన రైతుకు ఈ చివరి నియమం విలువ విడమరచి చెప్పక్కర్లేదు. చిక్కం లేని ఎద్దు రోజంతా ఎంత మేస్తుందో అతనికి తెలుసు. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు ఈ నియమాన్నే తీసుకుని, దేవుడు ఎద్దుల కోసం బెంగపడ్డాడా అని అడిగి, దీన్ని సువార్త చెప్పేవాళ్ల జీవనభృతికి అన్వయించాడు. ఎద్దుకు దక్కిన గింజలు అక్కడితో బోధకుడి పళ్లెంలోకి చేరాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేవి యోబు గ్రంథం 38 నుంచి 41 వరకు ఉన్న అధ్యాయాలు, 104వ కీర్తన. తన బాధకు జవాబు అడిగిన యోబుకు దేవుడు ఒక జంతు ప్రదర్శన చూపిస్తాడు. అందులో మనిషికి అక్కరకొచ్చేది యుద్ధపు గుర్రం తప్ప దాదాపు ఏదీ లేదు. అడవి గాడిద ఊరిసందడిని చూసి నవ్వుతుంది, గురుపోతు కాడి మోయనంటుంది, నిప్పుకోడి గుడ్లను మట్టిలో వదిలేసి పరుగుతీస్తుంది. కీర్తనలో సింహం పిల్లలు దేవుణ్ణే తిండి అడుగుతాయి. మకరం సముద్రంలో ఆడుకోవడానికే పుట్టింది. ‘ఇది నాకెందుకు’ అన్న మాటకు ఇక్కడ చోటే లేదు. యోనా గ్రంథం కూడా నీనెవె పట్టణంలో లక్షా ఇరవై వేల పైచిలుకు జనం ఉన్నారని లెక్క చెప్పి, పశువులు కూడా ఉన్నాయని కలుపుతూ ముగుస్తుంది.

సువార్తల్లో ధర కట్టిన జీవి పిచ్చుక. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు, లూకాలో రెండు కాసులకు ఐదు. లెక్క చూస్తే ఐదోది కొసరు. దేవుడు మరవలేదని యేసు చెప్పిన పిచ్చుకల్లో ఆ కొసరు పిచ్చుక కూడా ఉంది.

బాసిల్ మౌనం, అగస్టీన్ ఒప్పుకోలు

నాలుగో శతాబ్దిలో కప్పదొకియలోని కైసరయకు, అంటే నేటి టర్కీలోని కైసేరికి బిషప్పుగా ఉన్న బాసిల్ సృష్టి ఆరు రోజుల మీద తొమ్మిది ప్రసంగాలు చేశాడు. 378 ప్రాంతంలో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు రోజుల్లో, ఉదయం ఒకటి సాయంత్రం ఒకటిగా సాగిన ఆ ప్రసంగాలకు రెక్కాడితే గాని డొక్కాడని చేతివృత్తులవాళ్లు వచ్చేవారు. ఎనిమిదో ప్రసంగంలో నేలజంతువుల దగ్గర మొదలుపెట్టి ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఎందుకు ఆగారోనని జనం చూస్తుంటే, శ్రద్ధగా వింటున్న కొందరి సైగల వల్ల తట్టిందని ఆయనే చెప్పాడు: ఐదో రోజు పుట్టిన పక్షులను పూర్తిగా మరిచిపోయాడట. వెనక్కి వెళ్లి పక్షులతో మళ్లీ అందుకున్నాడు. ఈ మౌనం కూడా రాతప్రతుల్లోకి ఎక్కింది.

బాసిల్ వ్యాఖ్యానం నీడార్థాలు వెతకదు. గడ్డి అంటే గడ్డే, చేప అంటే చేపే అని తొమ్మిదో ప్రసంగంలో తేల్చి చెప్పాడు. అలాగని నీతి వదల్లేదు. ఎండకు ఆల్చిప్ప నోరు తెరిచేదాకా కాచుకుని, అది మూసుకోకుండా లోపలికి గులకరాయి విసిరి మాంసం తినేసే ఎండ్రకాయ ఆయనకు అన్నదమ్ముల ఆస్తి కాజేసేవాడిలా కనిపించింది. ముసలి తల్లిదండ్రులకు తమ ఈకలతో వెచ్చదనమిచ్చే కొంగలు పిల్లలకు పాఠమయ్యాయి. పేదరికం గురించి వాపోయేవాణ్ణి, చేతులు కూడా లేకుండా గూడు కట్టుకునే వానకోయిలను చూడమన్నాడు. ఈ కథల్లో చాలావాటికి మూలం గ్రీకు ప్రకృతి గ్రంథాలు. ఎండ్రకాయ నిజంగా గులకరాయి విసురుతుందో లేదో బాసిల్ సముద్రం ఒడ్డున కూర్చుని చూసింది లేదు. కొన్నేళ్లకు మిలాన్ బిషప్పు అంబ్రోస్ ఈ ప్రసంగాలను అనుసరించి లాటిన్‌లో తన ‘హెక్సామెరాన్’ వెలువరించాడు. పడమటి ఐరోపాకు ఈ జంతుకథలు అందించినవాటిలో అదొకటి.

అదే కాలంలో మానికేయులనే వర్గం గట్టి ప్రశ్న వేసింది. లోకాన్ని మంచి దేవుడే చేస్తే ఇన్ని విషపు పురుగులూ పనికిమాలిన జీవులూ ఎందుకు? ఒకప్పుడు తానూ ఆ వర్గంలోనే తిరిగిన అగస్టీన్ 388–389లో ఆదికాండం మీద వాళ్లకు జవాబు రాశాడు. కమ్మరి కొలిమిలోకి అడుగుపెట్టిన తెలియనివాడు అక్కడి పనిముట్లను చూసి ఇవన్నీ దేనికని అడుగుతాడు, పొరపాటున చెయ్యి కోసుకుంటే ఇవి హానికరమంటాడు. కమ్మరి నవ్వుకుని తన పని తాను చేసుకుపోతాడు. ఇది అగస్టీన్ పోలిక. ఆ తర్వాత ఆయన జీవులను పనికొచ్చేవి, హాని చేసేవి, అదనంగా కనిపించేవి అని మూడుగా విడదీశాడు. మొదటివాటిని వాడుకో, రెండోవాటి వల్ల జాగ్రత్తా వినయమూ నేర్చుకో. మూడోవాటి దగ్గర మాత్రం ఎలుకలూ కప్పలూ ఈగలూ ఎందుకు పుట్టాయో తనకు తెలియదని ఒప్పుకున్నాడు. వాటి అవయవాల పొందిక చూస్తే మాత్రం ప్రతిదీ తన జాతిలో అందమైనదే అన్నాడు. క్రైస్తవ వాఙ్మయంలో ఒక జీవిని ఉపయోగం పక్కనపెట్టి చూసిన తొలి చూపుల్లో ఇదొకటి. అందుకు ఈగ నిమిత్తమయింది.

జనం చేతుల్లో ఎక్కువగా నలిగింది మరో పుస్తకం. అలెగ్జాండ్రియాలో పుట్టిందని భావించే ‘ఫిసియోలోగస్’ గ్రీకు నుంచి లాటిన్, సిరియాక్, అర్మేనియన్, ఇథియోపియా భాషల్లోకి వెళ్లింది. దీని దృష్టిలో జంతువు ఉపయోగమల్లా అది దేనికి గుర్తు అన్నదే. రొమ్ము చీల్చి తన రక్తంతో పిల్లలను బతికించే పెలికాన్ పక్షి క్రీస్తు, తోకతో తన అడుగుజాడలు చెరిపేసే సింహమూ క్రీస్తే. మధ్యయుగపు బెస్టియరీలు, అంటే మృగకథల పుస్తకాలు, దీన్ని బంగారు రంగులతో అలంకరించాయి. 1200 ప్రాంతపు అబర్డీన్ బెస్టియరీ వాటిలో పేరుపొందింది. నిజం పెలికాన్ అలా చేయదని తెలిసిన తర్వాత కూడా చర్చి గోడల మీద ఆ పక్షి బొమ్మ చెరిగిపోలేదు.

థామస్, ఫ్రాన్సిస్

పదమూడో శతాబ్ది ఇద్దరిని ఇచ్చింది. థామస్ అక్వినాస్ ‘సుమ్మా థియోలోజియే’లో సృష్టిని మెట్లుగా చూశాడు: మొక్క జంతువు కోసం, జంతువు మనిషి కోసం. పశువును హింసించేవాడికి మనిషిని హింసించడమూ అలవాటవుతుందన్నది అందులో ఆయన చూపిన ప్రధాన అభ్యంతరం. జంతువు మేలు కోరి ఇచ్చిన కారణం కాదిది. అయితే తర్వాతివాళ్లు ఆయన్ను చిత్రించినంత మొండివాడు కూడా కాడు. ప్రతి జీవికీ ముందు తన స్వంత పని, స్వంత పరిపూర్ణత ఉన్నాయని అదే గ్రంథం చెబుతుంది. ఆదాము పాపం చేయకముందు సింహం కూడా గడ్డే తినేదన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. మనిషి తప్పు చేస్తే సింహం పళ్ల స్వభావం ఎందుకు మారాలి అన్నది ఆయన తర్కం.

అస్సీసీ ఫ్రాన్సిస్ (మరణం 1226) గురించి అందరికీ తెలిసినవి బెవాన్యా దగ్గర పక్షులకు చేసిన ప్రసంగం, గుబ్బియో తోడేలుతో చేసుకున్న ఒప్పందం. మొదటిది ఆయన పోయిన రెండు మూడేళ్లకే చెలానోకు చెందిన థామస్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. తోడేలు కథ పద్నాలుగో శతాబ్ది సంకలనంతో ప్రచారంలోకి వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆయనే స్వయంగా కట్టిన సృష్టిగీతంలో సూర్యుడు, చంద్రుడు, గాలి, నీరు, నిప్పు, భూమి, చివరకు చావు కూడా తోబుట్టువులయ్యాయి గాని, ఒక్క జంతువు పేరూ లేదు. 1223 క్రిస్మస్‌కు గ్రెచ్చోలో నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి పశువుల పాక కట్టించింది ఫ్రాన్సిసే. లూకా సువార్తలో తొట్టి ఉంది గాని ఏ పశువూ లేదు. ఎద్దు, గాడిద అక్కడికి యెషయా గ్రంథం మొదటి అధ్యాయం నుంచి వచ్చి చేరాయి.

కందిరీగ తెచ్చిన చిక్కు

పదిహేడో శతాబ్దిలో తత్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రాలన్నాడు. దాన్ని గట్టిగా కాదన్నవాళ్లలో ప్రకృతి పరిశీలకుడు జాన్ రే ఒకడు. ఇంగ్లాండులో ఒక కమ్మరి కొడుకు, చర్చికి సంబంధించిన కొత్త చట్టానికి తలవంచనందుకు 1662లో కేంబ్రిడ్జి ఉద్యోగం వదులుకున్నాడు. 1691లో సృష్టిలో కనిపించే దేవుని జ్ఞానం మీద ఆయన ప్రచురించిన పుస్తకం చాలా ముద్రణలు పొందింది. లోకమంతా మనిషి కోసమే అన్న నమ్మకాన్ని ఆయన అందులో ప్రశ్నించాడు. జీవులు తమ కోసం, దేవుని మహిమ కోసం కూడా ఉన్నాయి, వాటిని గమనించడమే మనిషికి వాటివల్ల కలిగే గొప్ప లాభం అన్నాడు. ఆ బాటలో జర్మనీ పాస్టరు ఫ్రీడ్రిక్ లెసర్ 1738లో కేవలం పురుగుల మీద ఒక దైవశాస్త్రం రాశాడు. విలియం పేలీ ‘నాచురల్ థియాలజీ’ 1802లో వచ్చింది. సఫోక్ పల్లెలో పాదిరీగా బతికిన, తేనెటీగల నిపుణుడు విలియం కిర్బీ 1835లో బ్రిడ్జివాటర్ గ్రంథమాల కోసం జంతువుల అలవాట్ల మీద గ్రంథం రాశాడు.

పేలీ చదివి పెరిగిన చార్లెస్ డార్విన్ 1860 మేలో హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుడు, విశ్వాసి అయిన ఆసా గ్రేకు ఉత్తరం రాస్తూ ఒక చిన్న జీవిని ముందుకు తెచ్చాడు. ఇక్‌న్యూమన్ కందిరీగ బతికున్న గొంగళిపురుగులో గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని లోపలినుంచి తింటూ పెరుగుతాయి. దయామయుడైన దేవుడు కావాలని దీన్ని చేశాడని నమ్మలేకపోతున్నానని ఆయన బాధ. జీవుల పొందికనే దేవుడికి సాక్ష్యంగా చూపిన పేలీ లాంటివాళ్ల వాదం అంతకుముందులా నిలబడలేకపోయింది. ఆ కందిరీగలకు దూరపు చుట్టమైన ట్రైకోగ్రామా అనే అతి చిన్న జీవి పురుగుల గుడ్లలో గుడ్లు పెడుతుంది. ఇప్పుడు దాని గుడ్లకార్డులను మన రైతులు వరిలో కాండం తొలిచే పురుగు మీదకి, చెరకు తోటల్లోకి వదులుతున్నారు. డార్విన్‌ను బాధపెట్టిన పనే పొలంలో పురుగుమందు ఖర్చు తగ్గిస్తోంది. అగస్టీన్ కమ్మరి నవ్వు గుర్తుకొస్తుంది. కాని గొంగళిపురుగు వైపునుంచి చూస్తే ఆ ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది.

దయ చట్టమైన వైనం

మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ జీవితమంతా గుర్రం మీద తిరిగాడు. తన బోధకులకు పెట్టిన నియమాల్లో గుర్రాన్ని తోమించడం, మేపించడం, పడుకోబెట్టడం దగ్గరుండి చూసుకోవాలని చేర్చాడు. 1781 నాటి ప్రసంగంలో, సృష్టి యావత్తూ మూలుగుతోందన్న రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయాన్ని ఆధారం చేసుకుని, మనిషి వల్ల బాధపడిన జంతువులు రాబోయే లోకంలో దానికి బదులు పొందుతాయని వాదించాడు. 1776లో ఆంగ్లికన్ పాదిరీ హంఫ్రీ ప్రైమట్ జంతువుల పట్ల కరుణ మీద ఒక గ్రంథం ప్రచురించాడు. నొప్పి ఎవరికైనా నొప్పే అన్నది దాని సారం. దాన్ని సంక్షిప్తం చేసి మళ్లీ అచ్చువేయించిన పాదిరీ ఆర్థర్ బ్రూమ్ 1824 జూన్‌లో లండన్‌లోని ఓల్డ్ స్లాటర్స్ కాఫీ హౌసులో జంతుహింస నివారణ సంఘం మొదలుపెట్టాడు. కాఫీ హౌసు పేరులో ‘వధ’ అన్న మాట ఉండడం కాకతాళీయమే. పార్లమెంటు సభ్యులు విల్బర్‌ఫోర్స్, రిచర్డ్ మార్టిన్ ఆ సమావేశానికి వచ్చారు. మార్టిన్ 1822లోనే పశువుల మీద క్రూరత్వాన్ని నేరం చేసే చట్టం తెచ్చి ఉన్నాడు. సంఘం అప్పులు తీరక బ్రూమ్ 1826లో జైలుకు వెళ్లాడు. 1840లో ఆ సంఘానికి రాణి విక్టోరియా ‘రాయల్’ హోదా ఇచ్చింది.

ఇరవయ్యో శతాబ్దిలో వాదం పర్యావరణం వైపు తిరిగింది. 1967లో చరిత్రకారుడు లిన్ వైట్ ‘సైన్స్’ పత్రికలో పర్యావరణ సంక్షోభానికి మూలం పాశ్చాత్య క్రైస్తవపు ఏలుబడి ఆలోచనే అన్నాడు. మందు కూడా అదే సంప్రదాయంలో ఉందంటూ ఫ్రాన్సిస్ పేరు సూచించాడు. 1979లో పోపు రెండో జాన్ పాల్ ఫ్రాన్సిస్‌ను పర్యావరణ రక్షకులకు పాలక పునీతుడిగా ప్రకటించాడు. 2015లో పోపు ఫ్రాన్సిస్ తన ‘లౌదాతో సి’ లేఖలో ప్రతి జీవికీ తనదైన విలువ ఉందని, ఏలుబడి అంటే నిరంకుశత్వం కాదని రాశాడు. ఆండ్రూ లింజీ లాంటి ఆంగ్లికన్ పండితులు ఇంకా ముందుకు వెళ్లి జంతువుల హక్కుల దాకా వాదించారు. ఆ మాట ఎక్కువ చర్చిల భోజనబల్లల దాకా ఇంకా రాలేదు.

తెలుగునాట

తెలుగు దేశంలో ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి కాక పశువుల దొడ్లోంచి వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొంది వందలమందిని ఆ దారిన నడిపిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్తగా చేరిన మాదిగ కుటుంబాలకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. వినడానికి చిన్న నియమాలు. కాని చచ్చిన గొడ్డును లాక్కెళ్లడం, తోలు తీయడం, మోటకు తోలు కుట్టడం, చెప్పులు చేయడం ఊరి కట్టుబాట్లలో వాళ్ల మీద మోపిన పని. ఆ మాంసం ఆ పనికి దక్కే కూలిలో భాగం, అదే వాళ్లను ఊరు చిన్నచూపు చూడడానికి సాకు. తోలు విషయంలో కాదుగాని ఆ మాంసం మానడంలో, ఆదివారం పనికి రామనడంలో, ఊరితో పేచీలు తప్పలేదు. పశువు ఎవరికి ఎలా పనికొస్తుందో ఊరు ముందే నిర్ణయించి పెట్టింది మరి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇప్పటి పల్లె చర్చిల్లో ఈ బంధం కోతపండుగ నాడు బయటపడుతుంది. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలతో పాటు కోళ్లూ మేకపిల్లలూ కానుకలుగా వస్తాయి. ఆరాధన అయ్యాక వేలం. కాళ్లు కట్టిన పుంజు ప్రార్థన మధ్యలో కూసిందని ఎవరూ నొచ్చుకోరు.

తెలుగు సాహిత్యంలో ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చినవాడు వినుకొండలో క్రైస్తవ తండ్రికి పుట్టిన గుర్రం జాషువా (1895–1971). ‘క్రీస్తు చరిత్ర’ రాసిన కవే గిజిగాడి గూటినీ సాలీడు పనితనాన్నీ పద్యాల్లోకి ఎక్కించాడు. బాసిల్ వానకోయిలకు అవి దూరపు బంధువులే, అయితే జాషువా వాటి నుంచి నీతి పిండలేదు, నేర్పును చూసి మురిసిపోయాడు. 1941లో ఆయన వెలువరించిన ‘గబ్బిలం’లో అంటరాని పేదవాడు తన గోడును కాశీలోని శివుడికి ఒక గబ్బిలం చేత పంపుతాడు. లేవీయకాండం పదకొండో అధ్యాయంలో తినకూడని పక్షుల జాబితాలో చిట్టచివరి పేరు గబ్బిలానిది. తెలుగువాళ్లకు ఇంట్లో దూరితే అపశకునం. ఆ పేదవాడు మాత్రం దాన్నే ఎంచుకున్నాడు. అది గుడిలో తలకిందులుగా వేలాడుతుంటుంది, దేవుడి చెవికి దగ్గరగా. పూజారి లేని వేళ చూసి చెప్పమని కూడా దానికి నేర్పి పంపాడు.